పసుపు పోగు కొర్రమట్టలు

మా మనుమరాలు చెరువులో పట్టిన చేపను మళ్లీ చెరువులోనే వదిలేస్తుందని తెలిసిన రోజు నేను దానితో సరిగ్గా మాట్లాడలేదు. చేపను పట్టడం, కొలవడం, తూచడం, వీపు మీది రెక్క పక్కన సూదితో ఒక ప్లాస్టిక్ పోగు గుచ్చడం, ఆ తర్వాత నీళ్లలో వదిలేయడం. ఇదీ దాని చదువు. మా ఇంట్లో మెతుకు కింద పడితే ఏరి కోళ్లకు వేస్తాం. చేతికొచ్చిన కొర్రమట్టను వదిలిపెట్టినవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

"పట్టింది ఇడిసిపెట్టుడేందే?" అన్నాను.

"ఇడిస్తేనే గద అమ్మమ్మా, అది ఎంత పెరిగిందో తెలిసేది."

"కూరల ఏస్తే గూడ తెలుస్తది."

అది నా కూతురి కూతురు. కూతురూ అల్లుడూ నిజామాబాదులో ఉంటారు. అల్లుడిది చిన్న కిరాణా దుకాణం. కూతురు ఇంటి పని అయ్యాక బీడీలు చుడుతుంది. పిల్ల మాత్రం చదివి చదివి డిచ్‌పల్లిలో యూనివర్సిటీ దాకా వచ్చింది. అక్కడ పరిశోధనకు చేరింది. చెరువు చేపలు, నీటి పక్షులు, నీళ్ల మంచిచెడ్డలు, ఈ మూడూ కలిపి చూడాలట. బోధన్ నుంచి రెంజల్ వైపు పోయే దారిలో మా ఊరు, ఊరిని ఆనుకొని చెరువు. అందుకని నా దగ్గరే ఉండి ఆ పని చేస్తానంది.

నేను మూడో తరగతి వరకే చదివాను. అప్పుడు మా చుట్టూ అంతా చెరుకు. నరికే రోజుల్లో ఆడపిల్లను బడికి పంపే ఇల్లు ఒక్కటీ లేదు. మా బాపు కూడా పంపలేదు. అందుకే దీని చదువుకు నేను అడ్డం పోలేదు. గదిలో లైటు మాత్రం ఆర్పి బయటికి రమ్మనేదాన్ని.

దానికి అసలు ప్రాణం కొర్రమట్టల మీదే ఉండేది. బయటి నుంచి తెచ్చి పోసే చేప పిల్లల సంగతి అందరూ చూస్తారట. చెరువులో తనంతట తాను పుట్టే కొర్రమట్ట ఎట్లా ఉందో, ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు తట్టుకుంటుందో లేదో ఎవరూ చూడలేదట. అందుకని కొన్ని చేపలకు పసుపు రంగు పోగు గుచ్చి వదలాలి. పోగు మీద చీమ తలకాయంత అంకె ఉంటుంది. ఆ చేప ఊరివాళ్ల వలలో మళ్లీ దొరికినప్పుడు అంకె చూసి, అప్పుడెంత ఉండేది, ఇప్పుడెంతయింది అని రాసుకోవాలి.

"మళ్ల దొరికితేనే నా చదువు అమ్మమ్మా. దొరకకుంటే నీళ్ల మీద రాసినట్టే" అంది.

పోగులు గుచ్చడం మొదలుపెట్టిన రోజు నేనూ కట్ట మీదికి పోయాను. చలికాలం, పొద్దున్నే. ఏ పని మొదలుపెట్టినా కొబ్బరికాయ కొట్టడం మా అలవాటు. బోరు వేస్తే కొడతాం, ట్రాక్టరు కొంటే కొడతాం. చదువుకు మాత్రం ఎందుకు కొట్టకూడదని ఇంట్లో ఉన్న కాయ ఒకటి, పసుపు కుంకుమల భరిణె తీసుకుపోయాను. మనుమరాలు తడిగుడ్డలో చేపను చుట్టి పట్టుకుంది. అది పోగు గుచ్చగానే నేను చేప నెత్తిన పసుపు రాసి, కాయ కొట్టి, రెండు చేతులూ ఎత్తి మొక్కాను.

"గంగమ్మ తల్లీ, మా పిల్ల పని మంచిగ కానియ్యి. నీ చేపను నీకే ఇడుస్తున్నం."

నా గొంతు కొంచెం పెద్దది. కట్ట మీద వలలు బాగుచేసుకుంటున్న వాళ్లందరూ తలలెత్తి చూశారు. వాళ్లలో ఊరిలో చేపలు అమ్మే ఒకామె ఉంది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె కొడుకులే చెరువులో వలలు వేస్తారు. కొబ్బరి చిప్ప ఒకటి ఆమె చేతిలో పెట్టి, రెండోది ఇంటికి పచ్చడికి తెచ్చుకున్నాను. ఆమె చిప్పను కళ్లకద్దుకొని, పిల్లను కింది నుంచి మీది దాకా చూసి, "మంచిగైతది బిడ్డా" అంది.

మనుమరాలు ఆమె పెద్దకొడుకుకు అన్నీ వివరంగా చెప్పింది. "అన్నా, పసుపు పోగున్న చేప వలల పడితే జర నాకు చెప్పు. యాది పెట్టుకో."

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె" అన్నాడతను. "నీ చేప ఒడ్డుకు రాదు."

పక్కనున్న వాళ్లు నవ్వారు. కొర్రమట్ట గడుసుది, వల కింద బురదలోకి దూరిపోతుంది, అంత సులువుగా దొరకదని వెక్కిరిస్తున్నాడనుకున్నాం. మేమూ నవ్వాం.

ఆ చలికాలమంతా అది చెరువు దగ్గరే. చిన్న గాజు సీసాలో బుడగ రాకుండా నీళ్లు పట్టి, ఏవో మందు చుక్కలు వేసేది. నీళ్లలో ఊపిరి ఉంటే అడుగున ఇటుక రంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగా దిగుతుంది.

"నీళ్లల్ల పడితే మన ఊపిరి పోతదిగని, నీళ్లకు ఊపిరేందే?" అన్నాను మొదట్లో.

"ఉంటది అమ్మమ్మా. చేప పీల్చేది గదే."

తర్వాత తర్వాత సీసా దించగానే ముందు నేనే వంగి చూసేదాన్ని. ఇటుక రంగు కనబడితే నా మనసు కూడా కుదుటపడేది. పక్షుల లెక్క మాత్రం నాకు అంతుపట్టలేదు. దుర్భిణి కళ్లకు పెట్టుకొని నీటికాకులు, బుడుబుంగలు, నామాల కోళ్లు, చలికాలం వచ్చిపోయే బాతులు, ఒక్కోటీ చూసి రాసుకునేది. అన్నం చల్లారిపోయేది.

"కొంగలను లెక్కబెడితే ఎవడన్న జీతమిస్తడా?"

"ఇస్తున్నరు గద అమ్మమ్మా, స్కాలర్‌షిప్పు."

"గా కొంగలకు తెలిస్తే సగం అడుగుతయి" అన్నాను. అది చాలాసేపు నవ్వింది. అప్పట్లో అది బాగా నవ్వేది.

ఎండాకాలం వెళ్లి మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం మిరుగం అంటాం. ఆ రోజు చేప తినాలి. తినని వాళ్లు బెల్లంలో ఇంగువ కలుపుకొని మింగుతారు, వానకాలం జబ్బులు రాకుండా. నీళ్లు తగ్గి ఉంటాయి కాబట్టి చెరువులో వలలన్నీ ఆ రోజే దిగుతాయి. ధర్మాబాద్ వైపు నుంచి కూడా కొనేవాళ్లు వస్తారు. కట్ట మీద తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసి ఒకటే గోల. మనుమరాలు తక్కెడ, కొలబద్ద పట్టుకొని తెల్లవారకముందే అక్కడ నిలబడింది. ఒడ్డుకొచ్చిన ప్రతి కుప్పా చూసింది. ఒక్క పసుపు పోగూ లేదు.

పెద్దకొడుకు తెప్ప దిగి వస్తుంటే ఎదురుపోయింది. "అన్నా, ఒక్కటి గూడ రాలేదా?"

"ఒక్కటంటే ఒక్కటి ఒడ్డుకు రాలేదు చెల్లె! గంగమ్మ మీద ఒట్టు!" అన్నాడు, ఏదో గెలిచివచ్చినట్టు.

చేపలామె వచ్చి దాని చెంప నిమిరింది. "రాలేదు బిడ్డా. ఇంగ నిమ్మలంగుండు."

పిల్ల మొహం తెల్లబోయింది. చేపలామె అది చూసి నావైపు తిరిగి కన్ను గీటింది. నాకేమీ అర్థం కాలేదు. పేదవాళ్ల వేళాకోళం ఇట్లాగే ఉంటుందిలే అనుకొని, ఆమె మీద కాస్త కోపం కూడా తెచ్చుకున్నాను.

ఆ రోజు నుంచి అది చేపలు ఎందుకు రాలేదో వెతకడంలో పడింది. మొదట నీళ్లను అనుమానించింది. ఎండలకు ఊపిరి తగ్గిందేమోనని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం సీసాలు పట్టింది. పొలాల నుంచి దిగే మందు నీళ్లు కలిసే మూల కూడా చూసింది. అక్కడ తప్ప మిగతా చెరువంతా ఇటుక రంగే దిగింది. నీళ్ల తప్పు లేదంది.

తర్వాత నీటికాకుల మీద పడింది. పసుపు పోగు నీళ్లలో మెరిసి పక్షి కంటికి ముందు ఆ చేపే పడుతోందేమోనని దాని అనుమానం. చెరువు అంచున తుమ్మచెట్ల మీద నీటికాకులు రాత్రికి వాలతాయి. కొమ్మలన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టుంటాయి. కింద పరచడానికి గుడ్డ కావాలంది. మసిగుడ్డలకని దాచిన పాత చీర ఇచ్చాను. రోజూ పొద్దున పోయి ఆ చీర మీద పడిన రెట్టలు, కక్కిన ఎముకలు కర్రపుల్లతో కదిలించి పసుపు పోగుల కోసం వెతికేవాళ్లం. నేను ముక్కుకు కొంగు కట్టుకొని కూర్చునేదాన్ని. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

"ఏమెతుకుతున్నరు అవ్వా?"

"బంగారం" అనేదాన్ని.

వెతికిన దానిలో చిన్న చేపల ఎముకలు బోలెడున్నాయి. పోగు లేదు. పక్షుల తప్పు కూడా లేదంది. నీళ్లూ కాదు, పక్షులూ కాదు అన్నాక ఇంకెవరు మిగిలారు?

రెండో మిరుగానికి కూడా ఒక్కటీ రాలేదు. పెద్దకొడుకు మళ్లీ ఒట్టేశాడు. ఆ సాయంత్రం అది అరుగు మీద కూర్చొని సూది డబ్బాను ఒళ్లో పెట్టుకుంది.

"నా చెయ్యే మంచిది కాదు అమ్మమ్మా. సూది లోతుకు పోయి ఉంటది. పుండయి సచ్చినయి. అన్నిటినీ నేనే సంపిన."

"సచ్చిన చేప తేలుతది. ఒక్కటన్న తేలిందా?"

"తేలంగనే కొంగలు ఎత్తుకపోతయి. కుక్కలు గుంజుకపోతయి."

"తెలివి తక్కువ మాటలు మాట్లాడకు. లేచి అన్నం తిను" అన్నాను. నాకు అంతకన్నా బుజ్జగించడం రాదు. చేపల కూర వండి పెట్టాను. అది బెల్లమూ ఇంగువా అడిగింది. అప్పటి నుంచి చేప ముట్టలేదు.

దాని సారు చేపల సంగతి తీసేసి నీళ్లు, పక్షులతోనే పుస్తకం పూర్తి చేయమన్నాడట. గడువు దగ్గరపడిందట. అది అట్లాగే చేసింది. పట్టా వచ్చింది. కానీ చేపల భాగం ఉండి ఉంటే ముందుకు ఇంకా పెద్ద చోట పరిశోధనకు పోయే వీలుండేదని, లేకపోయేసరికి పిలవలేదని మా కూతురు చెప్పింది. మనుమరాలు నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. నిజామాబాదులో తాగునీళ్లు పరీక్ష చేసే చోట ఉద్యోగానికి చేరింది. రోజంతా సీసాలేనట. సూది డబ్బా మా ఇంట్లోనే అటక మీద వదిలిపోయింది. నేను పారేయలేదు. నేను ఏదీ పారేయను.

మాఘమాసంలో దాని పెళ్లయింది. పెళ్లికొడుకు జక్రాన్‌పల్లి వాళ్ల పిల్లవాడు, నిజామాబాదులోనే పని. ఊళ్లో అందరినీ పిలిచాం. చేపలామె, కొడుకులు కూడా వచ్చారు. ఆమె అక్షింతలు వేస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏమిటి ఈమెకు ఇంత ప్రేమ అనుకున్నాను.

ఆ ఏడు మిరుగం నాటి పొద్దున నేను వాకిలి ఊడుస్తున్నాను.

"అక్కా, ఓ అక్కా! కత్తిపీట ఎయ్యి, బూడిద తియ్యి!"

చేపలామె. వెనక పెద్దకొడుకు నెత్తిన ప్లాస్టిక్ టబ్బు, దాని మీద తడి గోనెసంచి.

"గింత పొద్దుగాల్నేనా? నేనే వచ్చి కొనుక్కుంటగదా."

"కొనుడేంది? నీయి నీకే తెచ్చిన" అని ఆమె సంచి లాగింది.

కొర్రమట్టలు. ముంజేయంత లావున, ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతున్నాయి. బతికే ఉన్నాయి. ప్రతిదాని రెక్క పక్కనా పోగు. కొన్ని పోగులు పాచి పట్టి పచ్చబడ్డాయి, కొన్ని ఇంకా పసుపుగానే ఉన్నాయి.

నా చేతిలో చీపురు అట్లాగే ఉంది. "ఏడికెల్లి వచ్చినయి ఇవి?"

"గట్లడుగుతవేందక్కా? చెరువులనే ఉన్నయి, ఏడికి పోతయి? పిల్ల లగ్గమాయె, నీ మొక్కు తీరె. ఇంగ ఒడ్డుకు తేవచ్చని మా పెద్దోడు తెచ్చిండు. ముందుగాల మీ ఇంట్లనే తినాలె."

"ఏం మొక్కు?"

ఆమె పకపకా నవ్వింది. "మాకు తెల్వదనుకున్నవా? కొబ్బరికాయ గొట్టి, పసుపు బెట్టి, నీ చేపను నీకే ఇడుస్తున్నం తల్లీ అని కట్ట మీద ఒర్రింది ఎవరు, నేనా? రాజన్న దేవునికి మొక్కి కోడెను ఇడిసినట్టు గంగమ్మకు చేపలను ఇడిస్తివి. పిల్లకు ఏండ్లొచ్చినా పెండ్లి కాకపాయె, నీకు రంధి ఉండదా?"

"అది చదువు కోసమని మీకు చెప్పింది గదనే!"

పెద్దకొడుకు మొహమాటంగా నవ్వాడు. "చదువుకున్న పిల్లనాయె అవ్వా. మొక్కని చెప్పనీకి సిగ్గుండదా? మేం గూడ సదువే సదువే అన్నం."

అప్పుడు ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు. వలలో పసుపు పోగు కనబడితే చాలు, తెప్ప మీదనే విడదీసి, గంగమ్మ తల్లీ అని నీళ్లలో జారవిడిచేవాళ్లట. మొక్కు చేప ఒడ్డు తగిలితే మొక్కు చెడుతుందట. ఒకరి మొక్కు గురించి నోరెత్తి అడిగినా చెడుతుందట. పిల్ల ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి ఒక్కటి గూడ రాలేదా అని అడుగుతుంటే, పాపం భయపడుతోందని ధైర్యం చెప్పేవాళ్లట.

"పోయిన మిరుగం ముచ్చట చెప్తే నవ్వుతవక్కా" అంది చేపలామె. "నీళ్లు తక్కువున్నయి గద, వలల పెద్దయి అన్ని నీ మొక్కు చేపలే పడ్డయి. అన్నిటినీ ఇడిసిండ్రు. సిన్నయి ఏమున్నయో గవి అమ్ముకున్నం. ఇంటికొచ్చి మేం ఆలుగడ్డ కూర తిన్నం. మిరుగం నాడు ఆలుగడ్డ! నా మనుమడు పొద్దంత నవ్విండు."

ఆమె మళ్లీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరింట్లో గుక్కెడు మజ్జిగ తాగినా మరునాడు ఏదో ఒకటి ఇచ్చి వచ్చేదాన్ని నేను. ఆ ఇల్లు నా పేరు మీద రెండు మిరుగాలు మంచి చేపలన్నీ వదులుకుంది. నేను ఆమె మీద కోపం పెట్టుకున్నాను.

లోపలికి పోయి మనుమరాలికి ఫోను చేశాను.

"ఏందమ్మమ్మా, పనిల ఉన్న."

"చేపలొచ్చినయే."

"ఏం చేపలు?"

"నీ చేపలు. పసుపు పోగులయి. బతికున్నయి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. తర్వాత అంది, "నీళ్లు మార్చు అమ్మమ్మా. మూత మీద రాయి పెట్టు, దుంకుతయి."

సెలవు చెప్పి, బోధన్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా టబ్బు దగ్గర కూర్చుంది. నేను అటక మీది డబ్బా దించి పెట్టాను. కొలబద్ద అందులోనే ఉంది. ఒక్కో చేపనూ తడిగుడ్డలో పట్టి, బొటనవేలితో పాచి తుడిచి అంకె చూసింది. ఒకదాన్ని చూసి, "దీన్ని తుమ్మచెట్ల కాడ ఇడిసిన అమ్మమ్మా, ఇంతే ఉండె" అని అరచెయ్యి చూపింది. పోగు కింద చర్మాన్ని వేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

"పుండు లేదు. మంచిగ మానింది. చూడు అమ్మమ్మా, మచ్చ గూడ లేదు."

ప్రతి చేపకూ అదే మాట. పుండు లేదు, మంచిగ మానింది. ఇంతసేపూ చేపలామె గుమ్మం దగ్గర కూర్చొని, కొత్త పెళ్లికూతురు మొక్కు చేపలను ముట్టుకొని మురిసిపోతోందనుకొని ఆనందంగా చూస్తోంది. అంతా ఎట్లా జరిగిందో నేను పిల్ల చెవిలో చెప్పాను. అది విని చేపలామె వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

కొలవడం అయ్యాక టబ్బు ఎత్తబోయింది. "మళ్ల చెరువుల ఇడుస్త పెద్దమ్మా వీటిని."

చేపలామె గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మ! ఏం పని బిడ్డా గది! తీరిన మొక్కును మళ్ల నీళ్లల్ల ఇడిస్తే లగ్గాన్ని తిరిగిచ్చినట్టయితది. నీ ఇల్లు సల్లగుండాలె. అక్కా, నువ్వన్న చెప్పు!"

నేను పిల్లను వంటింట్లోకి పిలిచాను. "చెప్తనే. మొక్కు కాదు, ఏం కాదు, చదువే అని ఇప్పుడే చెప్తా. ఇడుద్దం."

"వద్దు అమ్మమ్మా. మిరుగం నాడు ఆలుగడ్డ తిన్నరు వాళ్లు. అది గూడ ఉత్తగనే తిన్నరని ఎట్ల చెప్తం?"

"మరి చేపలు?"

"కోయి."

బూడిద తెచ్చాను. కొర్రమట్ట ఒళ్లంతా జారుడు, బూడిద లేకుండా చేతిలో నిలవదు. కోయకముందు పోగులన్నీ పిల్లే కత్తిరించి, కడిగి, ఒక కాగితంలో చుట్టుకుంది. సగం చేపలు చేపలామెకే ఇచ్చాను. ఆమె వద్దంటే, మొక్కుకున్నవాళ్లం మేం పెడితే కాదనకూడదని దబాయించాను. ఆ ఒక్క మాటకు ఆ అబద్ధం పనికొచ్చింది. మిగిలినవి మామిడికాయ వేసి పులుసు పెట్టాను. కంచంలో ఒక ముక్క వేస్తే మనుమరాలు కాదనలేదు. ఎన్నాళ్లకో తింది.

"ఉప్పు తక్కువైంది అమ్మమ్మా" అంది.

తక్కువ కాలేదు. నేను తిని చూశాను.

తర్వాత అడిగాను. "ఇప్పుడు మీ సారుకు చెప్పి దిద్దుకోవచ్చు గదా?"

"ఏం దిద్దాలె? చేపలు సచ్చినయని రాసి ఉంటే దిద్దుదును. చేపల ముచ్చటే తీసేసిన. లేని ముచ్చటను ఎట్ల దిద్దుతరు?"

అది పోయాక నేను ఒక్కదాన్నే అరుగు మీద కూర్చొని అంతా మొదటి నుంచి తలుచుకున్నాను. నీళ్లను అడిగాం, పక్షులను అడిగాం, రెట్టలను కూడా కెలికి అడిగాం. ఎదురుగా ఉన్న మనిషితో, ఎందుకమ్మా కన్ను గీటావు అని ఒక్క మాట నేను అడగలేదు. మొక్కు చెడుతుందని వాళ్లు నోరు మూసుకున్నారు. నేను ఎందుకు మూసుకున్నట్టు? పెద్దింటి దాన్నని, చేపలమ్మే ఆమె వేళాకోళానికి బదులు చెప్పడం ఏమిటని. దానికి మించిన కారణం ఎంత వెతికినా కనబడదు. వాళ్ల మంచితనం పిల్ల చదువును మింగింది. నా మౌనం దాన్ని మింగనిచ్చింది.

ఆ రోజు బయల్దేరే ముందు మనుమరాలు చేపలామెను ఒకటి అడిగింది. "పెద్దమ్మా, ఇంకా కొన్ని ఉండాలె చెరువుల. పడితే తినుర్రి, ఇడవకుర్రి. పోగు మాత్రం పారెయ్యకు. చేప ఎంత పొడుగున్నదో ఒక పుల్ల ఇరిచి పోగుతోటి కట్టి అమ్మమ్మకియ్యి."

"మొక్కుకు కొలత గూడనా?" అని నవ్వింది చేపలామె. "గట్లనే బిడ్డా."

ఈ మిరుగానికి ఆమె వచ్చింది. టబ్బు లేదు, వట్టి చేతులే. కొంగు ముడి విప్పి ఒక చీపురు పుల్ల తీసి ఇచ్చింది. పుల్ల ఒక కొసన పసుపు పోగు ముడి వేసి ఉంది. రెండో కొస శుభ్రంగా, కత్తిపీట మీద పెట్టి కోసినట్టుంది.

"ముక్కు కాడికెల్లి తోక దాక పెట్టి కోసినక్కా. ఎచ్చు లేదు, తక్కువ లేదు. పిల్లకియ్యి. మురుస్తది."

ఫోను చేసి చెప్పాను. "దాచిపెట్టు అమ్మమ్మా, వస్తా" అంది. వెనక సీసాలు కడుగుతున్న చప్పుడు వినబడింది. దానికిప్పుడు నెలలు నిండుతున్నాయి, బస్సు ఎక్కవద్దన్నారు. ఆ తర్వాత పసిబిడ్డ. ఆ తర్వాత ఏదో ఒకటి ఉంటుంది. నాకు తెలుసు.

పుల్లను దీపం గూట్లో నిలబెట్టాను. ఎవరూ ఊడ్చి పారేయకుండా, పోగు పైకి కనబడేటట్టు పెట్టాను. సాయంత్రం దీపం వెలిగించినప్పుడల్లా ఒకసారి చేతిలోకి తీసుకొని చూస్తాను. నా మోచేతి నుంచి వేళ్ల దాకా పెడితే పుల్ల కొంచెం మిగులుతుంది. మంచి చేపే. ఎప్పుడు, ఎక్కడ వదిలిందో ఆ అంకెను బట్టి చెప్పగలిగేది మనుమరాలొక్కతే.